మాత్రల అట్ట మీది ఆర్‌ఎంపీ, మా ఊరి ఆర్‌ఎంపీ

ఇంట్లో యాంటీబయాటిక్ మాత్రల అట్ట ఏదైనా ఉంటే వెనక్కి తిప్పి చూడండి. ఎర్ర గీత పక్కన సన్నటి ఇంగ్లీషు అక్షరాల్లో ఒక హెచ్చరిక ఉంటుంది. రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ రాసిచ్చిన చీటీ ఉంటేనే ఈ మందు అమ్మాలని దాని అర్థం. ఆ మూడు మాటల మొదటి అక్షరాలు కలిపితే ఆర్‌ఎంపీ. చట్టం లెక్కలో ఆర్‌ఎంపీ అంటే వైద్యం చదివి, మెడికల్ కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరు ఎక్కిన డాక్టరు.

ఇప్పుడు అమలాపురం నుంచి రాజోలు వెళ్లే దారిలో ఏ ఊళ్లోనైనా బస్సు దిగి, "ఆర్‌ఎంపీ గారి ఇల్లెక్కడండీ?" అని అడగండి. చిన్నపిల్లలు కూడా చూపిస్తారు. ఆ ఇంట్లో ఉండే మనిషి పేరు ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు. అవే మూడు అక్షరాలు అట్ట మీద ఒకరిని చెబుతాయి, వీధిలో సరిగ్గా ఆయన కాని మనిషిని చెబుతాయి. ఈ తేడా ఎలా వచ్చింది, దీనివల్ల ఎవరు నష్టపోతున్నారు అన్నది విప్పి చూద్దామనే ఇది రాస్తున్నాను.

మా అమ్మమ్మది గోదావరి వైనతేయ పాయ పక్కన ఒక ఊరు. ఆవిడకు షుగరు. నాలుగేళ్ల కిందట వానాకాలంలో జ్వరం తగిలింది. రాత్రి పదిన్నరకు మా మావయ్య ఫోన్ చేస్తే పది నిమిషాల్లో బండి వేసుకుని వచ్చాడు ఆ ఊరి ఆర్‌ఎంపీ. యాభై దాటిన మనిషి, అమ్మమ్మని పిన్నిగారూ అని పిలుస్తాడు. కిటికీ ఊచకు తాడు కట్టి సెలైన్ సీసా వేలాడదీశాడు. ఫోన్ లైటు పళ్ల మధ్య పట్టుకుని చేతి మీద నరం వెతికాడు. రెండుసార్లు తప్పింది. "నరం చిక్కట్లేదు పిన్నిగారూ, కాస్త పిడికిలి బిగించండి" అన్నాడు. మూడోసారికి దొరికింది. రెండు సూదులు వేసి వెళ్లాడు. తెల్లారేసరికి జ్వరం దిగింది. అమ్మమ్మ లేచి కాఫీ తాగి, "అబ్బాయి చెయ్యి మంచిది" అంది. మర్నాడు కూడా వచ్చి అవే సూదులు వేశాడు.

మూడో రోజు మనిషి తూలిపోయింది, మాట తడబడింది. కాకినాడ తీసుకెళ్తే షుగరు ఐదు వందలు దాటి ఉంది. అక్కడి డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "ఏం ఇంజక్షన్లు చేశారండీ?" మాలో ఎవరికీ తెలీదు. ఊళ్లోకి ఫోన్ చేస్తే ఆయన పుస్తకం తీసి చూశాడు. అది పొడుగాటి ఖాతా పుస్తకం. ఇంటిపేరు, తేదీ, "సెలైన్, సూదులు 2", రావాల్సిన డబ్బు, అంతే ఉంది. మందు పేరు రాసుకునే అలవాటే లేదు. కాసేపు ఆలోచించి చెప్పాడు, ఒకటి డెక్సా అని. డెక్సామెథసోన్ అంటే స్టెరాయిడ్. జ్వరాన్నీ నొప్పినీ ఇట్టే అణిచేస్తుంది, ఆకలి పుట్టిస్తుంది. షుగరు ఉన్నవాళ్లకు ఆ షుగరును అమాంతం పెంచేస్తుంది. అమ్మమ్మ ఆరు రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికొచ్చింది.

డాక్టరీ చేస్తున్న నా స్నేహితుడికి ఈ సంగతి చెబితే, "వీళ్లని లోపలేస్తే గానీ బుద్ధి రాదు" అన్నాడు. మా మావయ్యేమో, "ఆ రాత్రి ఆయన రాకపోతే ఎవరొచ్చేవారు చెప్పు?" అన్నాడు. ఇద్దరిమీదా నాకు కోపం రాలేదు. ఇద్దరూ చెప్పింది నిజమే.

లైసెన్సు చేసే రెండు పనులు

వైద్యం చేసుకోవచ్చని ప్రభుత్వం ఇచ్చే రిజిస్ట్రేషన్ అంటే మనకు వెంటనే గుర్తొచ్చేది గేటు. చదివినవాడిని లోపలికి పంపుతుంది, చదవనివాడిని బయట నిలబెడుతుంది. రెండో పని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. అది పగ్గం. రిజిస్టర్‌లో పేరుంటే ఆ పేరును తీసేయొచ్చు. ఫిర్యాదు వస్తే పిలిచి అడగొచ్చు, కొన్నాళ్లు ప్రాక్టీసు ఆపించొచ్చు, ఏం రాశావో కాగితాలు చూపించమనొచ్చు. 2002 నాటి వైద్య నీతి నియమాల ప్రకారం డాక్టరు రోగి వివరాలు మూడేళ్ల పాటు దాచాలి, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఐదేళ్లకోసారి కనీసం 30 గంటల పాటు కొత్త సంగతులు నేర్చుకునే సదస్సులకు వెళ్లాలి. ఇవన్నీ పేరు ఎక్కినవాళ్లకే వర్తిస్తాయి.

మా ఊరి ఆర్‌ఎంపీ పేరు ఎక్కడా లేదు కాబట్టి ఆయన పేరు ఎక్కడి నుంచీ తీసేయలేరు. మందు పేరు పుస్తకంలో రాయమని ఆయనకు చెప్పే అధికారి లేడు. పట్టుకోవాలంటే ఇక పోలీసులే రావాలి. 1956 నాటి మెడికల్ కౌన్సిల్ చట్టంలో రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేసినందుకు ఏడాది జైలు, వెయ్యి రూపాయల జరిమానా అని ఉండేది. దాని స్థానంలో వచ్చిన 2019 నాటి నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం 34వ సెక్షన్ జైలు కాలాన్ని అలాగే ఉంచి, జరిమానాను ఐదు లక్షల దాకా పెంచింది. కాగితం మీద శిక్ష ఘనంగానే ఉంది. కానీ ఊరంతటికీ రాత్రిపూట దిక్కైన మనిషి మీద కేసు పెట్టేదెవరు? సాక్ష్యం చెప్పేదెవరు? మా మావయ్య చెప్పడు. నేనూ చెప్పలేదు.

కమీషన్ల సంగతి చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. పల్లె నుంచి పేషెంటును పట్నం ఆసుపత్రికి పంపితే బిల్లులో కొంత వాటా పంపినవాళ్లకు ముడుతుందన్నది డెల్టాలో అందరికీ తెలిసిన విషయమే. అలా ఇవ్వడం, తీసుకోవడం రెండూ తప్పేనని 2002 నియమాలు స్పష్టంగా చెబుతున్నాయి. అయితే ఆ నియమం ఇచ్చే డాక్టరును మాత్రమే పట్టుకోగలదు. తీసుకునే ఆర్‌ఎంపీ దాని పరిధిలోనే లేడు. చివరికి ఆ వాటా కలిసేది పేషెంటు బిల్లులోనే.

ఒకప్పుడు తలుపు తెరిచే ఉండేది

మా తాతగారి తరం "ఎల్‌ఎంపీ డాక్టరు" అనే మాట వాడేది. బ్రిటిషు కాలంలో మద్రాసు రాష్ట్రంలో డాక్టర్లు రెండు రకాలు. యూనివర్సిటీ డిగ్రీ చదివినవాళ్లు ఒకరు, మెడికల్ స్కూల్లో తక్కువ కాలం చదివి లైసెన్సు పొందిన లైసెన్షియేట్లు మరొకరు. చిన్న ఊళ్లలో కాపురం పెట్టి వైద్యం చేసింది ఎక్కువగా ఈ రెండోవాళ్లే. దేశ ఆరోగ్య వ్యవస్థ మీద బ్రిటిషు ప్రభుత్వం వేసిన భోర్ కమిటీ 1946లో నివేదిక ఇచ్చేనాటికి దేశంలో రిజిస్టరైన వైద్యులు దాదాపు 47,500 మంది, అందులో 30 వేల మంది దాకా లైసెన్షియేట్లు. ఇక ముందు ఒకే రకం డాక్టరు ఉండాలి, అది డిగ్రీ డాక్టరే కావాలి అని కమిటీ తేల్చింది. పల్లెకొక స్థాయి వైద్యం, పట్నానికొక స్థాయి వైద్యం ఉండకూడదన్న ఆలోచన అది. మంచి ఆలోచనే. కమిటీలోనే కొందరు ఒప్పుకోలేదు. అంతమంది డిగ్రీ డాక్టర్లు తయారయ్యేదాకా పల్లెల గతేమిటని విడిగా నోట్ రాశారు. వాళ్ల మాట నెగ్గలేదు.

కాకినాడలో రంగరాయ మెడికల్ కాలేజీ 1958లో వచ్చింది. తర్వాత చాలా ఏళ్లకు రాజమండ్రి, అమలాపురం, ఏలూరు చుట్టుపక్కల ప్రైవేటు కాలేజీలూ వచ్చాయి. ఎంబీబీఎస్‌లు పెరిగారు. కానీ ఎంబీబీఎస్ పూర్తిచేసిన కుర్రాడు లంక గ్రామంలో బోర్డు పెట్టుకోడు. పీజీ చేసి పట్నంలో కూర్చుంటాడు. అతన్ని తప్పుపట్టడానికి లేదు. అన్నేళ్లు చదివి, పిల్లల బడి చూసుకుని, భార్య ఉద్యోగం చూసుకుని ఎక్కడ ఉండాలో నిర్ణయించుకుంటాడు. ఎల్‌ఎంపీలు ఖాళీ చేసి వెళ్లిన కుర్చీ మాత్రం అలాగే మిగిలింది. కాంపౌండరుగా పదేళ్లు పనిచేసినవాడు, మెడికల్ షాపులో కూర్చున్నవాడు, మిలిటరీలో నర్సింగ్ అసిస్టెంటుగా చేసి వచ్చినవాడు ఆ కుర్చీలో కూర్చున్నారు.

ఆర్‌ఎంపీ అనే పేరు వీళ్లకు అంటుకోవడం వెనక కూడా కొంత చరిత్ర ఉంది. ఆయుర్వేదం, యునానీ, హోమియోల్లో కాలేజీ చదువు లేకపోయినా అనుభవాన్ని బట్టి వైద్యుల పేర్లు రాష్ట్ర రిజిస్టర్లలో ఎక్కించిన రోజులున్నాయి. భారతీయ వైద్యానికి 1970లో, హోమియోకు 1973లో కేంద్ర చట్టాలు వచ్చినప్పుడు, అప్పటికే పేరు నమోదైనవాళ్ల హక్కులను కాపాడి, కొత్తవాళ్లకు చదువు తప్పనిసరి చేశారు. అంటే ఒకప్పుడు పల్లెల్లో నిజంగానే రిజిస్టరైన అనుభవ వైద్యులు ఉండేవారు. ఆ తరం పోయింది, ఆ తలుపు మూసుకుపోయింది. పేరు మాత్రం వీధిలో మిగిలిపోయింది.

2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంక గ్రామాలకు పడవే దారైంది. అలాంటప్పుడు ఊళ్లో ఉండే వైద్యం అంటే ఊళ్లో కాపురం ఉండే మనిషి చేసే వైద్యమే.

భీమవరం కుర్రాడి సర్టిఫికెట్

గేటు దగ్గర జరిగే అన్యాయం గురించి చెప్పాలంటే డెల్టావాళ్లకు ఎక్కడెక్కడి ఉదాహరణలో అక్కర్లేదు. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. రాజమండ్రిలో చదువుకుని మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. గాంధీ పిలుపు విని ఖద్దరు గౌను వేసుకుని ఆపరేషన్ క్లాసుకు వెళ్లడం సర్జరీ ప్రొఫెసరుకు నచ్చలేదు. పరీక్షలు బాగా రాసినా చేతికొచ్చింది ఎంబీబీఎస్ డిగ్రీ కాదు, దానికంటే తక్కువదైన ఎల్‌ఎంఎస్ సర్టిఫికెట్. ఆ కాగితంతో మద్రాసు మెడికల్ సర్వీసులో ఉద్యోగం రాలేదు. ఆయుర్వేద కాలేజీలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పారు. తర్వాత అమెరికాలో బోస్టన్ చేరితే అక్కడా ఆ సర్టిఫికెట్ అక్కరకు రాక, ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేసుకుంటూ హార్వర్డ్‌లో చదివారు.

తర్వాత ఆయన చేసిన పని ప్రపంచానికి తెలుసు. కండరాలకు శక్తి ఎక్కడి నుంచి వస్తుందో తేల్చే పరిశోధన, ఫోలిక్ యాసిడ్, క్యాన్సర్‌కు వాడే మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్ యాంటీబయాటిక్, వీటన్నిటి వెనకా ఆయనా, ఆయన నడిపిన బృందాలూ ఉన్నాయి. నా మనసు ఎప్పుడూ ఆగేది మాత్రం ఇంకో మందు దగ్గర. గోదావరి జిల్లాల్లో బోదకాలు నివారణకు ఇంటింటికీ తిరిగి మింగించిన డీఈసీ మాత్ర ఉంది చూశారా, అది కూడా అమెరికా మందుల కంపెనీ లెడర్లేలో ఆయన ఆధ్వర్యంలో తయారైనదే. ఎంబీబీఎస్‌కు తగడని మద్రాసులో తేల్చిన మనిషి మందు మా అమ్మమ్మ కూడా మింగింది.

పరీక్ష అన్నది పని తెలుసా లేదా అని చూడాలి. వేసుకున్న బట్ట, పుట్టిన కులం, చదివిన ఊరు, తెచ్చుకున్న సిఫారసు అందులో లెక్కకు రాకూడదు. వినడానికి తేలికగా ఉన్న ఈ సూత్రం అమలులో ఎక్కడ జారిపోతుందో చూడాలంటే, ఇవాళ విదేశాల్లో ఎంబీబీఎస్ చదివి వస్తున్న పిల్లల దగ్గరకు వెళ్లాలి.

ఇక్కడ ప్రైవేటు సీటుకు డబ్బు చాలక కొబ్బరి తోటో, రొయ్యల చెరువో తాకట్టు పెట్టి పిల్లల్ని ఫిలిప్పీన్స్, జార్జియా, కిర్గిజ్‌స్తాన్, చైనా పంపిన ఇళ్లు కోనసీమలో, భీమవరం వైపు చాలానే ఉన్నాయి. వాళ్లు తిరిగొచ్చాక 2002 నుంచి ఒక స్క్రీనింగ్ పరీక్ష ఉంది, ఎఫ్‌ఎంజీఈ. ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. 300 ప్రశ్నలు, 150 రావాలి. చాలా విడతల్లో ఐదుగురిలో ఒకరో, ఆ పైన కొద్దిమందో గట్టెక్కుతున్నారు. ఎన్నిసార్లైనా రాసుకోవచ్చు కాబట్టి నాలుగేసి ఏళ్లు కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరిగేవాళ్లున్నారు.

పరీక్ష ఉండటం అన్యాయం అని నేననను. మా అమ్మమ్మ మంచం పక్కన కూర్చుని ఆలోచించినవాడెవరూ అనడు. తెలియని దేశంలో, తెలియని కాలేజీలో చదివిన మనిషికి పని వచ్చో రాదో చూడాల్సిందే. నన్ను ఇబ్బంది పెట్టేది పక్కనే ఉన్న రెండో తలుపు. ఇక్కడే డబ్బు కట్టి ప్రైవేటు సీటులో చదివిన కుర్రాడికి ఈ పరీక్ష లేదు. యూనివర్సిటీ పరీక్ష గట్టెక్కితే చాలు. రోగి ఇద్దరి దగ్గరికీ వెళతాడు, ఒకరికే జల్లెడ పట్టారు. ఇద్దరికీ ఒకే పరీక్ష పెట్టాలని 2019 చట్టం 15వ సెక్షన్ నెక్స్ట్ అనే పరీక్షను తెచ్చింది. మన విద్యార్థులు వద్దన్నారు, కాలేజీలు సిద్ధంగా లేమన్నాయి, అది ఏటికేడు వాయిదా పడుతూ వచ్చింది. ఆ టెన్షన్ నాకు అర్థమవుతుంది. ఏళ్ల తరబడి చదివాక ఒక పరీక్షతో తేల్చడం ఎవరికైనా భయమే. అయినా జల్లెడ పట్టాలంటే రెండు బస్తాలకూ పట్టాలి.

2021 నవంబర్ 18న వచ్చిన కొత్త నియమాల్లో మెచ్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. విదేశీ కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, ఇంగ్లీషులో చెప్పాలి, అక్కడ ఏడాది ఇంటర్న్‌షిప్, ఇక్కడ మరో ఏడాది ఇంటర్న్‌షిప్ చేయాలి అని షరతులు పెడుతూనే, అప్పటికే అక్కడ చేరి చదువుతున్నవాళ్లకు వాటిని మినహాయించారు. సగం దారిలో ఉన్నవాడి కాళ్ల కింద నేల లాగేయకూడదన్న న్యాయం అది. ఉక్రెయిన్ యుద్ధం, కోవిడ్ వచ్చి ఆన్‌లైన్ క్లాసుల వ్యవహారం ముదిరాక ఆ స్పష్టత పోయింది. కంప్యూటరు ముందు కూర్చుని విన్న పాఠానికి బదులుగా ఎన్ని నెలలు ఆసుపత్రిలో చేయాలి అన్నదాని మీద సర్క్యులర్ తర్వాత సర్క్యులర్ వచ్చింది.

మా బంధువుల అబ్బాయి ఒకడు స్క్రీనింగ్ పరీక్ష పాసయ్యాడు, ఇంటర్న్‌షిప్ కూడా చేశాడు. పర్మనెంట్ రిజిస్ట్రేషన్ కోసం ఒక ఆఫీసు చుట్టూ పదకొండు నెలలు తిరిగాడు. ఒకసారి అటెస్టేషన్ లేదన్నారు. తెచ్చాక, ఇంకో సర్టిఫికెట్ కావాలన్నారు. అది తెచ్చాక పై నుంచి క్లారిఫికేషన్ రావాలన్నారు. ఈ మాటల్లో ఒక్కటి కూడా కాగితం మీద రాసి ఇవ్వలేదు. ఆ ఫైలు నేను చూశాను, నీలం రంగు ప్లాస్టిక్ కవరు. పదే పదే తీసి పెట్టడంతో కవరు అంచులు తెల్లబడి చిరిగిపోయాయి. వాళ్ల నాన్న ప్రతిసారీ తెల్లవారుజామున రాజోలులో బస్సెక్కి విజయవాడ దాకా తోడు వెళ్లేవాడు. అర్హత లేదంటే లేదని రాసివ్వండి, కోర్టుకైనా వెళతాం అన్నాడట ఒకరోజు. రాసివ్వలేదు.

నిజాయితీ గల లైసెన్సు పద్ధతికి నా దృష్టిలో మొదటి గుర్తు ఇదే. ఎన్ని రోజుల్లో తేలుస్తారో ముందే చెప్పాలి, కాదంటే కారణం రాసి సంతకం పెట్టాలి. కఠినమైన నియమాన్ని మనిషి తట్టుకుంటాడు. రోజుకొకలా మారే నోటిమాటను తట్టుకోలేడు.

నర్సుల విషయంలో ఇదే కథ ఇంకో రూపంలో ఉంది. మన దగ్గరి అమ్మాయి బెంగళూరులో జీఎన్‌ఎం అనే నర్సింగ్ డిప్లొమా చదివి వస్తే, అక్కడి కౌన్సిల్ నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చుకుని ఇక్కడ మళ్లీ నమోదు చేయించుకోవాలి. గల్ఫ్ వెళ్లాలంటే సర్టిఫికెట్ల తనిఖీ, కంప్యూటర్ పరీక్ష అన్నీ దాటాలి. అదే అమ్మాయి ఊరి దగ్గర్లోని నర్సింగ్ హోమ్‌కు వెళితే, అక్కడ ఇంటర్ తర్వాత నేరుగా చేరి యూనిఫాం వేసుకున్న పిల్లలు సగం జీతానికి సూదులు వేస్తుంటారు. చదివిన అమ్మాయికి ఆ జీతమే ఇస్తామంటారు. రిజిస్ట్రేషన్ నంబరు బిళ్ల మీద రాసి తగిలించుకోవాలని ఒక్క నిబంధన గట్టిగా అమలు చేస్తే ఈ అన్యాయం చాలావరకు బయటపడుతుంది.

అప్పీలు ఎవరికి ఉంది?

పగ్గం సంగతికి మళ్లీ వద్దాం, ఎందుకంటే రిజిస్టర్‌లో పేరున్న డాక్టర్ల దగ్గర కూడా అది ఒకవైపే పనిచేస్తోంది. డాక్టరు నిర్లక్ష్యం చేశాడని మీరు రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేశారనుకోండి. కౌన్సిల్ విచారించి తప్పు లేదంది. 2002 నియమాల ప్రకారం బాధపడ్డ మనిషి ఎవరైనా 60 రోజుల్లో ఢిల్లీలోని మెడికల్ కౌన్సిల్‌కు అప్పీలు చేసుకునేవారు. 2019 చట్టం 30వ సెక్షన్ మాత్రం అప్పీలు హక్కును వైద్యుడి పేరు మీదే రాసింది. శిక్ష పడితే డాక్టరు పైకి వెళ్లొచ్చు, నేషనల్ మెడికల్ కమిషన్ కింద ఉండే వైద్య నీతి బోర్డుకూ, అక్కడా కాదంటే ఆ కమిషన్‌కూ. ఫిర్యాదు కొట్టేస్తే రోగికి ఆ మెట్లు లేవు. హైకోర్టు ఉంది, వినియోగదారుల కమిషన్ ఉంది. 1995లో సుప్రీంకోర్టు వైద్య సేవలను వినియోగదారుల చట్టం కిందికి తెచ్చింది కూడా. కానీ కోర్టు పరిహారం ఇప్పిస్తుందే తప్ప, ఆ డాక్టరు రేపు మళ్లీ అదే పని చేయకుండా రిజిస్టర్‌లో పేరు మీద చెయ్యి వేయాల్సింది కౌన్సిలే. ముమ్మిడివరం రైతు వకీలును పెట్టుకుని హైకోర్టుకు వెళతాడని అనుకోవడం, ఆ రైతు గురించి తెలియనివాళ్ల మాట. ఈ సెక్షన్‌ను సవరించి రోగికి అప్పీలు తిరిగి ఇవ్వాలి. ఇందులో రెండో మాటకు తావు లేదని నా నమ్మకం.

నడి మెట్టు

మరి మా ఊరి ఆర్‌ఎంపీని ఏం చేయాలి? వైఎస్ రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లో వీళ్లకు శిక్షణ ఇచ్చి కమ్యూనిటీ పారామెడిక్‌లుగా గుర్తించే ప్రయత్నం మొదలైంది, తర్వాత ఆగిపోయింది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఆ మాట మళ్లీ వినిపిస్తుంది. డాక్టర్ల సంఘాలు ఒప్పుకోవు. వాళ్ల వాదనను తేలిగ్గా తీసుకోకూడదు. ఆరు నెలల శిక్షణ కాగితం గోడకు తగిలిస్తే ఆ కాగితాన్ని చూసి జనం ఇంకా ఎక్కువ నమ్ముతారు, ఆయన ఇంకా పెద్ద మందులు వాడతాడు అన్నది వాళ్ల భయం.

ఆ భయం ఎంతవరకు నిజమో చూపించిన పరీక్ష ఒకటి పశ్చిమ బెంగాల్‌లోని బీర్‌భూమ్ జిల్లాలో జరిగింది. ఇలాంటి 304 మంది పల్లె వైద్యులను తీసుకుని, చీటీ వేసి, కొందరికి తొమ్మిది నెలల పాటు శిక్షణ ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు. ఆ తర్వాత రోగులుగా నటించే మనుషుల్ని వాళ్లకు తెలియకుండా పంపించి చూశారు. ఫలితాలు 2016లో వచ్చాయి. శిక్షణ పొందినవాళ్లు జబ్బును సరిగా పట్టుకుని సరైన పని చేయడం మెరుగైంది. అవసరం లేని మందులు, యాంటీబయాటిక్‌లు ఇవ్వడం మాత్రం తగ్గలేదు. ఆ రెండో వాక్యాన్ని నేను చాలాసార్లు చదువుకున్నాను. తెలియక ఇచ్చేది శిక్షణతో పోతుంది. అమ్మకం కోసం, పేషెంటు వెంటనే లేచి కూర్చోవాలని ఇచ్చేది పోదు. దానికి పగ్గం కావాలి. బీర్‌భూమ్‌లో పాఠం ఉంది, పేరు కొట్టేయగల రిజిస్టర్ లేదు.

చట్టంలో దీనికి చోటు లేకపోలేదు. 2019 చట్టం 32వ సెక్షన్ కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్లకు పరిమిత లైసెన్సు ఇవ్వొచ్చంది. మొత్తం డాక్టర్ల సంఖ్యలో మూడో వంతు మించకూడదు, ప్రాథమిక వైద్యంలో కమిషన్ నిర్ణయించిన మందులు మాత్రమే సొంతంగా ఇవ్వాలి, మిగతావి డాక్టరు పర్యవేక్షణలోనే. ఆ బిల్లు మీద డాక్టర్లు సమ్మె చేశారు. సెక్షన్ కాగితం మీద ఉండిపోయింది. రాష్ట్రాలు సొంతంగా ఆ మెట్టు కట్టబోతే నిలవలేదు. అస్సాం మూడేళ్ల గ్రామీణ వైద్య డిప్లొమా పెట్టి 2004లో చట్టం చేస్తే, కేంద్ర చట్టానికి అది విరుద్ధమని 2023 జనవరిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. చదివినవాళ్లు రోడ్డున పడకుండా, వాళ్లను సబ్ సెంటర్లలో ఆరోగ్య కార్యకర్తలుగా ఉంచే మరో చట్టాన్ని మాత్రం నిలబెట్టింది. ఆంధ్రలో బీఎస్సీ నర్సింగ్ చదివిన అమ్మాయిలు గ్రామ క్లినిక్‌లలో ఉన్నారు, 2023లో ఫ్యామిలీ డాక్టరు పద్ధతిలో పీహెచ్‌సీ డాక్టరు కూడా అక్కడికి వచ్చి చూసే ఏర్పాటు చేశారు. అది నిజంగా మంచి పని. మా అమ్మమ్మ బీపీ మాత్రలు అక్కడివే. సాయంత్రం ఆ క్లినిక్‌కు తాళం పడుతుంది. జ్వరం రాత్రి పదిన్నరకు వచ్చింది.

నన్నడిగితే ఆర్‌ఎంపీలను డాక్టర్లుగా గుర్తించకూడదు. ఆర్‌ఎంపీ అన్న పేరు కూడా వాళ్లు వాడకూడదు, అది అట్ట మీద ఉన్నవాళ్లది. కానీ జిల్లాలో ఒక రిజిస్టర్ తెరిచి, ఎవరెవరు ఏ ఊళ్లో ఏం చేస్తున్నారో పేర్లు రాయాలి. ఓఆర్‌ఎస్, పారాసెటమాల్, గాయానికి కట్టు, షుగరు బీపీ చూడటం, ఎప్పుడు వెంటనే పంపేయాలో తెలియడం, ఇవి చేయొచ్చని రాయాలి. స్టెరాయిడ్, నరానికి ఎక్కించే యాంటీబయాటిక్, గర్భస్రావం ముట్టుకోకూడదని రాయాలి. ఇచ్చిన ప్రతి మందు పేరూ చీటీ మీద రాసి పేషెంటు చేతికివ్వాలి. గీత దాటితే పేరు కొట్టేయాలి, ఆ కొట్టేసిన సంగతి పంచాయతీ బోర్డు మీద పెట్టాలి. అప్పుడు 34వ సెక్షన్ కింద కేసు పెట్టడానికి ఊరు కూడా ఒప్పుకుంటుంది, ఎందుకంటే పేరున్న ఇంకో మనిషి ఊళ్లో ఉంటాడు. డాక్టర్లకు నా విన్నపం ఒక్కటే. ఈ రిజిస్టర్ మీ గేటును తెరవడానికి కాదు. గేటు బయట ఎప్పటి నుంచో జరుగుతున్నదాని మీద ఒక పగ్గం వేయడానికి.

పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఆయన ఇంటికి వెళ్లాను. అమ్మమ్మ విషయంలో నాకు ఇంకా బాధ ఉందని ఆయనకు తెలుసు. కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, తనే మొదలెట్టాడు. "ఆయ్, నేను చదివింది ఇంటరేనండీ. మీరన్నట్టు రాయడం మొదలెట్టానండీ" అని ఆ పొడుగాటి పుస్తకం తీసి చూపించాడు. తేదీకీ డబ్బుకీ మధ్య స్కేలుతో గీత గీసి కొత్త గడి చేశాడు. అందులో ముత్యాల్లాంటి తెలుగు అక్షరాల్లో మందుల పేర్లు. నాలుగు పేజీలు తిప్పాను. డెక్సా రెండు చోట్ల ఉంది. వేలు పెట్టి చూపిస్తే తల దించుకున్నాడు. "మానేస్తానంటే సరిపోద్దేంటండీ, వేయకపోతే పక్కూరాయన దగ్గరికి పోతున్నారు. ఈ పుస్తకం నెలకోసారి ఎవరికన్నా చూపించమంటే చూపిస్తానండీ. ఎవరికి చూపించమంటారు?"

పీహెచ్‌సీ డాక్టరమ్మ పేరు చెప్పాను. వెళ్లాడట. ఆవిడ చూసి, బాగుందని, కానీ దీని మీద సంతకం పెట్టే అధికారం తనకు లేదని చెప్పి పంపేసిందట.